మాంబళం చెరువులో మా ఇల్లు

పోయిన సంక్రాంతికి అందరం టీ నగర్ ఇంట్లో కలిసినప్పుడు పెద్దన్నయ్య అటక మీంచి రేకుపెట్టె దించాడు. తాత దస్తావేజులు అందులోనే ఉంటాయని ఇక్కడ వరసగా చదివే మన చుట్టాలకి వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు బిల్డరుకిచ్చే మాట నడుస్తోంది, కాగితాలు సరిచూసుకోవాలి. వదిన పైకి చదువుతోంది. ప్లాటు నంబరు, కొలతలు, నాలుగు వైపులా హద్దులు అయ్యాక ఒక ముక్క దగ్గర ఆగింది. ఆ స్థలం అంతకుముందు చెరువు భూమి అని రాసి ఉంది. పిల్లలు ఒకటే నవ్వు. "అయితే మనం చెరువులో కూర్చుని పొంగలి తింటున్నామా?" అన్నాడు చిన్నవాడు.

వాడు నవ్వులాటకి అన్నా ఆ మాట నిజమే. అవ్వ బతికున్నన్నాళ్ళూ తాతని దెప్పింది ఆ మాటతోనే. నెల్లూరు వైపు మెరక ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. "చెరువు గర్భంలో ఇల్లు కట్టినాడు మీ తాత. కప్పలకి బాడుగ కట్టాల మనం" అనేది. వానలప్పుడు పెరట్లో అరటిపిలక నాటడానికి గొయ్యి తీస్తే నల్లటి జిగట మట్టి వచ్చేది, గునపానికి అంటుకుని వదిలేది కాదు. ఆ మట్టితో మేం వినాయకుణ్ణి చేసేవాళ్ళం.

ఈసారి రాస్తున్నది ఆ మట్టి గురించే. కాకపోతే వరద గురించి కాదు, భూకంపం గురించి. మద్రాసులో భూకంపమేమిటి అని మీరనొచ్చు, నేనూ అలాగే అనుకున్నదాన్ని. బిల్డరు ఇచ్చిన నక్షాలో కిందంతా స్తంభాలూ కార్లూ, పైన నాలుగంతస్తులు. సంతకాలు పెట్టేముందు మట్టి పరీక్ష రిపోర్టు ఒకసారి చదవమని తమ్ముడు పట్టుబట్టాడు. వాడు సివిల్ ఇంజినీరు, అందుకే ఇంట్లో వాడి మాట ఎవరూ వినరు. ఈసారి నేను విన్నాను. విన్నాక పాత పటాలూ, పాత సంగతులూ వెతుక్కుంటూ చాలా దూరం వెళ్ళాను. వాటాదారులు ఎనిమిదిమందీ చదువుతారని అదంతా ఇక్కడ పెడుతున్నాను.

చెరువు పేట అయిన వైనం

పాత మద్రాసు పటం చూస్తే మౌంట్ రోడ్డుకి పడమటగా, నుంగంబాకం నుంచి సైదాపేట వైపు పొడుగ్గా ఒక నీలం గీత కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి లాంగ్ ట్యాంక్ అని పేరు పెట్టారు. నిజానికి అవి నుంగంబాకం చెరువూ మైలాపూరు చెరువూ, ఒకదాని కొసన ఒకటి. దాని కింద పొలాలు పండేవి. ఊరు పెరిగింది, ఇళ్ళకి చోటు కావాల్సి వచ్చింది. 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. 1923 నుంచి మాంబళం పథకం మొదలైంది. చెరువు ఎండగట్టి, పూడ్చి, వీధులు గీసి, ప్లాట్లు చేసి అమ్మారు.

ఆ కొత్త పేటకి పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు. జస్టిస్ పార్టీ పెద్ద, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా చేసినవారు, 1925లో పోయారు. తెలుగింటివారే. నడిమధ్య పార్కుకి పానగల్ రాజా పేరు. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు, కాళహస్తిలో పుట్టి 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి మొదటి మంత్రిగా ఉన్నవారు. మన తాత ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ, చీటీ పాడుకుని ఇక్కడ స్థలం కొన్నది అందుకే మరి: చుట్టూ తెలుగు మాట వినబడుతుందని, ధర చవకని. చవక ఎందుకో అవ్వకి తెలుసు.

చెరువులో మిగిలిన ముక్కలు కూడా తర్వాత తర్వాత పోయాయి. నుంగంబాకం చెరువు చివరి మిగులు మీదే 1970ల్లో వళ్ళువర్ కోట్టం కట్టారు. లేక్ ఏరియా అని ఆ పక్క వీధులకి పేరు మాత్రం ఉండిపోయింది. చెరువంటే ఏళ్ళ తరబడి వాననీళ్ళు తెచ్చిన సన్న ఒండ్రు అడుగున పేరుకునే చోటు. నీళ్ళు తోడేస్తే పోతాయి. ఆ ఒండ్రు మాత్రం ఎక్కడికీ పోదు. దాని మీద నాలుగడుగుల మట్టి పోసి, రోడ్డేసి, చెట్లు నాటితే మనకి కనబడకుండా పోతుంది, అంతే.

పెరుగు గిన్నె

దీనికీ భూకంపానికీ సంబంధం ఏమిటో తమ్ముడు నాకు వంటింట్లో చూపించాడు. తోడుకున్న పెరుగు గిన్నె గట్టు మీద పెట్టి పక్కన వేలితో కొట్టాడు. గిన్నె కదిలినట్టే లేదు, పెరుగు మాత్రం గలగలా వణికింది. "అడుగున ఉండే బండరాయి గిన్నె అనుకో అక్కా. దాని మీద మట్టి పెరుగు" అన్నాడు.

భూకంపపు అలలు రాతిలో వేగంగా పరిగెడతాయి. మెత్తటి మట్టిలోకి వచ్చేసరికి వేగం తగ్గుతుంది. వెనక నుంచి వచ్చే శక్తి మాత్రం తగ్గదు కదా, అందుకని అల ఎత్తు పెరుగుతుంది. పైగా ఆ అల నేలపైకి వచ్చి తిరిగి కిందికి వెళ్తే అడుగు రాయి తగిలి మళ్ళీ పైకే వస్తుంది. ఇలా మట్టిపొరలో చిక్కుకుని అటూ ఇటూ తిరుగుతుంది. ఉయ్యాల ఊపేటప్పుడు సరైన సమయానికి తోస్తే చిన్న తోపుకే ఎంత పైకి వెళ్తుందో, మట్టిపొర సొంత ఊపుకి భూకంపపు ఊపు కలిసిందంటే అలాగే అవుతుంది.

ఆ సొంత ఊపు ఎంతో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. మట్టి మందాన్ని నాలుగుతో హెచ్చవేసి, ఆ మట్టిలో అడ్డ అల పరిగెత్తే వేగంతో భాగించాలి. వచ్చేది ఒక ఊపుకి పట్టే సెకన్లు. మట్టి లోతుగా, మెత్తగా ఉంటే నిదానంగా ఊగుతుంది. పలచగా ఉంటే గబగబా ఊగుతుంది. ఇళ్ళకీ సొంత ఊపు ఉంది. అంతస్తుకి సుమారు సెకనులో పదో వంతు అని ఇంజినీర్లు మోటుగా అనుకుంటారు. నేల ఊపూ ఇంటి ఊపూ ఒకటైతేనే ప్రమాదం. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, చివర్లో మన ఇంటికి వేద్దాం.

పటం గీసినవాళ్ళు

మట్టి మీద ఇల్లు ఎక్కువ ఊగుతుందని కట్టుబడి మేస్త్రీలకి ఎప్పటినుంచో తెలిసే ఉంటుంది. ఊరు మొత్తానికి వీధి వీధీ తిరిగి దాన్ని పటం మీద పెట్టిన పని మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున ఆ ఊరు కూలింది, తర్వాత తగలబడింది. ఆండ్రూ లాసన్ పెద్దగా ఒక కమిషన్ వేశారు, 1908లో రిపోర్టు అచ్చయింది. అందులో హ్యారీ వుడ్ అనే ఆయన ఊరంతా నడిచి ఎక్కడ ఎంత దెబ్బతిందో గుర్తులు పెట్టారు. పటం పూర్తయ్యాక చూస్తే కొండరాతి మీద ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయి. పాత వాగులు, బురద నేలలు, సముద్రపు పాయలు పూడ్చి కట్టిన చోట్లే దెబ్బ గట్టిగా ఉంది. ఊరు మరిచిపోయిన నీళ్ళన్నీ ఆ పటంలో తేలాయి.

తెలిసింది కదా అని మానేశారా అంటే లేదు. ఆ తర్వాతే 1915 ప్రపంచ ప్రదర్శన కోసం అదే ఊళ్ళో తీరం పూడ్చారు, తర్వాత దాని మీద ఇళ్ళు లేచాయి, మెరీనా అని పేట వెలిసింది. 1989 అక్టోబరు 17న దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో భూకంపం వచ్చినప్పుడు ఆ ఊళ్ళో బాగా దెబ్బతిన్న చోట్లలో ఆ మెరీనా ఒకటి. అక్కడా కింద గ్యారేజీ కోసం ఖాళీగా వదిలి పైన అంతస్తులు వేసిన ఇళ్ళే ఎక్కువ కుంగాయి.

మన దేశంలోనూ ఇలాంటి పటం ఒకటి పాతదే ఉంది. 1934 జనవరి 15న బీహార్, నేపాల్ కదిలినప్పుడు జియలాజికల్ సర్వే వాళ్ళు ఊరూరా తిరిగారు. మధుబని, సీతామఢి వైపు దాదాపు 300 కిలోమీటర్ల పొడుగున ఒక పట్టీ తేలింది. ఆ పట్టీలో ఇళ్ళు పక్కకి కూలలేదు, ఉన్నచోటే ఒరిగి నేలలోకి దిగిపోయాయి. ఇసుకా నీళ్ళూ భూమిలోంచి ఊటల్లా పైకి చిమ్మాయి. నీరు నిండిన వదులు ఇసుకని గట్టిగా కుదిపితే అది కాసేపు చిక్కటి జావ అయిపోతుంది. సర్వేవాళ్ళు ఆ ప్రాంతానికి కుంగిన పట్టీ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. మరుసటి ఏడు, 1935లో, దేశానికి మొదటి భూకంప పటం గీశారు.

మెక్సికో, అహమ్మదాబాదు

చెరువు మీద కట్టిన ఊరంటే చరిత్రలో మొదట చెప్పుకోవాల్సింది మెక్సికో నగరాన్ని. అజ్టెక్ రాజుల రాజధాని టెక్స్‌కోకో సరస్సు మధ్య దీవి. స్పెయిన్‌వాళ్ళు వచ్చాక సరస్సు మెల్లగా ఎండగట్టారు, ఊరు దాని గర్భంలోకి పరుచుకుంది. 1985 సెప్టెంబరు 19 ఉదయం పసిఫిక్ తీరంలో 8 తీవ్రతతో భూమి కదిలింది. నగరానికి అది 350 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వచ్చేసరికి అల నీరసించాలి. రాతి నేల మీదున్న విశ్వవిద్యాలయం దగ్గర యంత్రాలు అలాగే చిన్న ఊపే నమోదు చేశాయి. అదే ఊళ్ళో, కొద్ది కిలోమీటర్ల అవతల, సరస్సు బంకమట్టి మీద పెట్టిన యంత్రం దానికి నాలుగైదు రెట్లు నమోదు చేసింది. భూకంపం పుట్టిన తీరంలో ఎంత ఉందో దాదాపు అంత.

ఇందాకటి లెక్క వేయండి. బంకమట్టి మందం సుమారు 40 మీటర్లు, అందులో అల వేగం సెకనుకి 80 మీటర్లు. నాలుగు నలభైలు నూటఅరవై, దాన్ని ఎనభైతో భాగిస్తే రెండు. రెండు సెకన్లకో ఊపు. ఆరు నుంచి పదిహేను అంతస్తుల కట్టడాలు ఎక్కువగా కూలాయి. లెక్క ప్రకారం ఇరవై అంతస్తులవి కదా కూలాలి అనిపిస్తుంది. పగుళ్ళిచ్చే కొద్దీ కట్టడం బలం తగ్గి దాని ఊపు నిదానిస్తుంది, అలా నిదానించి నేల ఊపుకి చిక్కాయి. వాటి పక్కనే చిన్న పాత ఇళ్ళు, చర్చిలు చాలావరకు నిలబడ్డాయి. వేలమంది పోయారు.

మనకి దగ్గర పాఠం అహమ్మదాబాదు. 2001 జనవరి 26, రిపబ్లిక్ డే ఉదయం, కచ్‌లో భుజ్ దగ్గర కదిలింది. అహమ్మదాబాదు రెండు వందల కిలోమీటర్లకి పైగా దూరం. అక్కడ సబర్మతి ఒండ్రు మీద కట్టిన అపార్టుమెంట్లు కూలి ఏడు వందల మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో చాలా వాటికి ఒక పోలిక ఉంది. కింద గోడలు లేకుండా కార్ల కోసం ఖాళీ, పైన ఇటుక గోడలతో గట్టిగా అంతస్తులు. పై భాగం ఒక పెట్టెలా బిగుసుకుని ఉంటే కదలాల్సిందంతా కింది స్తంభాలే కదలాలి. అవి విరిగితే పెట్టె మొత్తం కిందికి దిగుతుంది. ఈ వాక్యం రాసి, లేచి వెళ్ళి బిల్డరు నక్షా ఇంకోసారి చూశాను.

జోన్ ఒకటే, నేలలు వేరు

దేశానికి భూకంప నిబంధనల పుస్తకం ఐఎస్ 1893 అని ఉంది. 1962లో మొదటిసారి వేశారు. భుజ్ తర్వాత 2002లో సవరించినప్పుడు చెన్నైని రెండో జోన్ నుంచి మూడో జోన్‌కి మార్చారు. లెక్కలో వేసే గుణకం 0.10 నుంచి 0.16 అయింది. మన ఇల్లు కట్టిన రోజుల్లో ఈ పుస్తకమే లేదు, దాని సంగతి వదిలేద్దాం.

జోన్ పటం దేశం మొత్తానికి గీసింది. పరంగిమలై రాతి మీద ఇంటికీ, కూవం ఒడ్డున ఇసుకలో ఇంటికీ, మాంబళం చెరువులో ఇంటికీ జోన్ ఒకటే. పరంగిమలై రాయంటే మామూలు రాయి కాదు సుమా. కలకత్తాలో జాబ్ చార్నొక్ సమాధి మీద పరిచిన రాయి ఈ ప్రాంతం నుంచే వెళ్ళింది, ఆయన పేరుమీదే దానికి చార్నొకైట్ అని పేరొచ్చింది. గిండీ వైపు అది పైకే కనిపిస్తుంది, మిగతా ఊళ్ళో ఇసుక, బంకమట్టి, ఒండ్రు కిందికి దిగిపోయి ఉంటుంది. ఎక్కడ ఎంత లోతులో ఉందన్నదే అసలు ప్రశ్న.

2002 నాటి పుస్తకంలో గట్టి నేల, మధ్యరకం, మెత్తటి నేల అని మూడు రకాలు చెప్పారు. అయితే ఒక సంగతి తమ్ముడు వేలు పెట్టి చూపించాడు. ఎత్తు కట్టడాలకైతే మెత్తటి నేల మీద ఎక్కువ బలం లెక్కగట్టమంటుంది. రెండు మూడంతస్తుల పొట్టి కట్టడాలకి మూడు నేలలకీ ఒకే అంకె. అంటే మనలాంటి ఇంటికి పుస్తకం వరకు మట్టి ఏదైనా ఒకటే. అందుకే ఊరి లోపల పటం వేరే కావాలి. ఊరిని చిన్న చిన్న గడులుగా చేసి ఏ గడి ఎంత ఊగుతుందో చెప్పే పటం. మైక్రోజోనేషన్ అంటారు. మన దేశంలో 1997 మే 22న జబల్‌పూరు కదిలాక ఆ ఊరికి మొదలుపెట్టారు. తర్వాత ఢిల్లీ, బెంగుళూరు వంటి ఊళ్ళకి చేశారు.

పని ఎలా చేస్తారంటే, ఒకటి బోరు వేసి చూడటం. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. పది లోపైతే మెత్తటి నేల, ముప్పై దాటితే గట్టిది. రెండోది తవ్వకుండా చూడటం. నేల మీద వరసగా చెవుల్లాంటి పరికరాలు గుచ్చి, ఒక చివర పలక మీద సమ్మెటతో కొడతారు. అల ఒక్కో చెవికి ఎప్పుడు చేరిందో చూసి కింద ఏ లోతులో ఎంత వేగముందో తేలుస్తారు. ఇలా వందల చోట్ల చేసిన కొలతలు కలిపితే పటం.

చెన్నైకి అలాంటి పని ఐఐటీ మద్రాసులో భూమినాథన్ గారూ ఆయనతో పనిచేసినవాళ్ళూ చేసి 2008లో అచ్చు వేశారు. ఊళ్ళో 38 చోట్ల మట్టి పొరలు తీసుకుని, అడుగున భూకంపం వస్తే పైన ఎంత ఊగుతుందో లెక్కగట్టారు. తేలిందేమిటంటే ఊరి మధ్య, దక్షిణ భాగాల్లో లోతైన బంకమట్టీ ఇసుకా ఉన్న చోట్ల ఊపు బాగా పెరుగుతుంది. పెరిగేది గబగబా ఊగే కట్టడాలకి, అంటే పొట్టివాటికి. మిగతా ఊళ్ళో పెరుగుదల కొద్దిగానే. ఇది చదివినప్పుడు నేను ఆగిపోయాను. ఎత్తైన టవర్లకే భయం, మన పొట్టి ఇళ్ళకి ఏమవుతుందిలే అనుకుంటాం కదా. మెక్సికోలో అదే నిజం. మద్రాసు మట్టి మెక్సికో అంత లోతూ కాదు, అంత మెత్తనా కాదు. దాని ఊపు వేరు, అది వెతుక్కునే ఇళ్ళు వేరు.

మన పెరటి బోరు

ఇప్పుడు మన ఇల్లు. రిపోర్టు ప్రకారం పెరట్లో పైన మీటరున్నర పోసిన మట్టి. దాని కింద ఆరు మీటర్ల దాకా నల్ల బంకమట్టి, సుత్తి దెబ్బలు ఎక్కడా పది దాటలేదు. ఆ కింద బంక కలిసిన ఇసుక, దిగేకొద్దీ బిగుస్తూ పోయింది. పదిహేను మీటర్ల దగ్గర మెత్తబడ్డ రాయి తగిలింది. దెబ్బల లెక్క నుంచి అల వేగం సగటున సెకనుకి 200 మీటర్లని తమ్ముడు అంచనా కట్టాడు. నాలుగు పదిహేనులు అరవై. రెండు వందలతో భాగిస్తే 0.3. సెకనులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. అంతస్తుకి పదో వంతు అన్నాం కదా, అంటే ఈ నేల వెతుక్కునేది మూడంతస్తుల ఇంటిని. పగుళ్ళిచ్చి నిదానించే లెక్క కలిపితే రెండంతస్తులదీ అందులో పడొచ్చు. మన పాత మిద్దె ఇల్లు రెండంతస్తులు. కట్టబోయేది స్తంభాలతో కలిపి ఐదు, అది కూడా చాలా దూరమేం కాదు.

ఇది రాస్తుంటే మన ఇంట్లో జరిగినవే రెండు గుర్తొచ్చాయి. 2001 సెప్టెంబరు 25 రాత్రి అన్నాల వేళ పాండిచ్చేరి అవతల సముద్రంలో 5.5 తీవ్రతతో కదిలినప్పుడు మన వంటింటి అటక మీద ఇత్తడి గిన్నెలు గణగణలాడాయి, అమ్మ పిల్లి దూరిందని కర్ర పట్టుకెళ్ళింది. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా దగ్గర అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, 8.6, వచ్చినప్పుడు తొమ్మిదో అంతస్తు ఆఫీసు నుంచి చిన్నన్నయ్య మెట్లమీద పరిగెత్తి దిగాడు. ఇంటికి ఫోను చేస్తే అమ్మ నిద్రలేచి "ఏందిరా ఈ వేళప్పుడు?" అంది. దూరం నుంచి వచ్చే పెద్ద భూకంపం దారిలో గబగబ ఊపుల్ని పోగొట్టుకుని నిదాన ఊపుల్నే తెస్తుంది, అవి ఎత్తు కట్టడాల్ని ఊపుతాయి. దగ్గరలో వచ్చే చిన్నది గబగబ ఊపులు తెస్తుంది, అవి పొట్టి ఇళ్ళవి. ఒక్క ఇంటి అనుభవం రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ రెండూ లెక్కకి ఎదురు మాత్రం చెప్పడం లేదు.

ఎవర్నీ భయపెట్టడానికి ఇదంతా రాయలేదు. చెన్నై మూడో జోన్, హిమాలయాల అంచు కాదు. తెలుగు నేల మీద చూసినా 1967 మార్చిలో ఒంగోలు దగ్గర వచ్చింది 5.4, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది 5.7. మన వైపు వచ్చేవి మధ్యరకానివే. అయితే మన మట్టి జాగ్రత్తపడమనేది కూడా దగ్గరలో వచ్చే ఆ మధ్యరకం వాటి గురించే.

ఎనిమిది సంతకాలు

బిల్డరుతో మాట్లాడాం. మర్యాదస్థుడు, కాదనను. "పైల్స్ రాతి దాకా దించుతామమ్మా, ఇంకేం భయం?" అన్నారు. పైల్స్ ఇల్లు కుంగకుండా పట్టుకుంటాయి, బరువు రాతికి దింపుతాయి. చుట్టూ పెరుగులా ఊగే మట్టిని అవి ఆపలేవు, ఆ ఊపు ఇంటికి ఎక్కకుండానూ ఆపలేవు. తమ్ముడు అడిగినవి మూడే. కింది అంతస్తులో రెండు దిక్కులా కాంక్రీటు గోడలు ఉండాలి. స్తంభాలకీ దూలాలకీ కలిసే చోట రింగులు ఐఎస్ 13920 చెప్పినంత దగ్గర దగ్గరగా వేయాలి, విరిగే బదులు వంగేలా. మన బోరు రిపోర్టు పెట్టుకుని ఈ స్థలానికి ఊపు లెక్క వేరే కట్టించాలి. ఈ మూడూ ఒప్పంద పత్రంలో అక్షరాలా రాయాలి.

దీనికి ఖర్చు కొంత పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. కింద గోడలొస్తే రెండు కార్ల చోటు పోతుంది. ఎనిమిది వాటాలకి ఆరు కార్లు. ఏ ఇద్దరికి లేకుండా పోవాలి? పెద్దన్నయ్య ఫోనులో, "వంద ఏళ్ళలో రానిదానికి ఇవాళ కారు రోడ్డు మీద పెట్టుకోమంటావా అమ్మాయ్?" అన్నాడు. సమంజసమైన ప్రశ్నే. రావచ్చు, రాకపోవచ్చు. నాకు తట్టిన జవాబు ఒకటే: ఆ ఇంట్లో మనవాళ్ళే కాదు, బిల్డరు వాటా కొనుక్కుని తెలియని సంసారాలు కొన్ని వచ్చి ఉంటాయి. ఇది చెరువని వాళ్ళ దస్తావేజుల్లో రాసి ఉండదు. తెలిసినవాళ్ళం మనమే. నా వాటా కారు చోటు నేను వదులుకుంటున్నానని ఇందుమూలంగా అందరికీ తెలియజేస్తున్నాను. నాకు కారు లేదన్న సంగతి మీకు తెలుసనుకోండి. రెండోది ఎవరు వదులుకుంటారో చూడాలి.

అమెరికాలో ఉన్న ఇద్దరూ, షోలాపూరు పెద్దమ్మ కొడుకూ ఇది చదివి ఒక మాట రాయండి. పత్రం ఈ నెలాఖరుకి రిజిస్టరు చేద్దామంటున్నారు.

ఇంకొక్క మనవి. ఇల్లు కడుతున్నప్పుడు తాత పంచె ఎగగట్టి మోకాళ్ళ దాకా బురదలో నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి ఉండేది. పునాది గొయ్యి, పక్కన గుట్టగా పోసిన నల్లమట్టి, వెనక తాటిచెట్లు. రేకుపెట్టెలో దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే స్కాన్ చేసి పంపండి. కొత్త ఇంటి మెట్ల దగ్గర దాన్ని ఫ్రేము కట్టించి పెట్టాలని ఉంది, కింద అవ్వ మాట రాసి.